కొండ నడకకు సరిపడా స్పానిష్

అటవీ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు వచ్చి, మీ అనుభవం ఒకటి రాసివ్వమని అడిగారు. పులి కథ రాస్తానని ఆశపడ్డట్టున్నారు. నా సర్వీసు మొత్తం మీద నేను పులిని ఒకేసారి చూశాను, అదీ వెనక నుంచి. అది నన్ను చూడలేదు కాబట్టి ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. చందనం దొంగల కథలు కూడా నా దగ్గర పెద్దగా లేవు. వాళ్ళు వచ్చిపోయిన మర్నాడు మొద్దుల పక్కన నిలబడి రిపోర్టు రాయడమే నా వంతు. నేను చెప్పగలిగిందల్లా ఒక్కటే. కొండకు నడిచిపోవడం గురించి స్పానిష్ భాషలో ఎలా మాట్లాడాలో నేర్చుకున్న కథ. నవ్వకండి, నా ఉద్యోగం నిలిచింది దానివల్లే.

స్వాతంత్ర్యం రావడానికి ఏడాది ముందు మాట. చిత్తూరు ఆఫీసు కింద నేను టెంపరరీ గార్డుని. యుద్ధకాలంలో మనుషులు దొరక్క నాలాంటి వాళ్ళను చాలామందిని తీసుకున్నారు. యుద్ధం అయిపోయింది. పటాలం నుంచి తిరిగొచ్చిన వాళ్ళకు గార్డు పనుల్లో ముందు చోటు ఇవ్వాలని ఆర్డర్లు వచ్చాయి. మాలో ఒక్కొక్కరినే ఇంటికి పంపుతున్నారు. పలమనేరు దగ్గర మా నాయనకు నాలుగెకరాల మెట్ట ఉండేది. వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేయడంతో చెనిక్కాయ పంట కాదు కదా, చెత్త కూడా చేతికి రాలేదు. ఇంట్లో ఐదుగురం నా జీతం మీదే బతుకుతున్నాం. అందుకని రోజూ పొద్దున ఆఫీసు మెట్లెక్కేటప్పుడు నా పేరు తీసేశారేమోనని గుమాస్తా మొహం చూసేవాణ్ణి. ఆయన మొహంలో ఎప్పుడూ ఏమీ కనపడేది కాదు, అది ఆయన వృత్తి ధర్మం.

అట్లాంటి రోజుల్లో మా ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచారు. కోస్తా జిల్లా మనిషి. కోపం వస్తే మీసం కొరుక్కునేవారు గానీ మనసు మంచిది. ఆయన చేతిలో పైనుంచి వచ్చిన ఉత్తరం ఉంది. చిలీ అనే దేశం నుంచి మొక్కల శాస్త్రం ప్రొఫెసరు ఒకాయన మన కొండల్లోని పేరిత చెట్టు చూడడానికి వస్తున్నాడు. పేరిత అంటే మీకు తెలుసు కదా, చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, మగచెట్టు నడినెత్తిన అనాసపండంత కంకి వేస్తుంది. ఆ కంకి వేసిన చెట్టును కళ్ళతో చూడాలని ఆయన సముద్రాలు దాటి వస్తున్నాడు. ఒక్క చిక్కు ఉంది. ఆయనకు స్పానిష్ తప్ప ఇంగ్లీషు అక్షరం రాదు. వెంట ఉన్న దుబాసీ మద్రాసు దాకా వచ్చి వెనక్కి పోతాడు. ఆ పైన మన తిప్పలు మనం పడాలి.

"నువ్వు ఎస్సెల్సీ పాసయ్యావు కదయ్యా? ఇంకా ఇరవై రోజులుంది. ఆ భాష నేర్చుకో" అన్నారు ఆఫీసరు, కొట్టుకు పోయి బెల్లం తెమ్మన్నంత తేలిగ్గా.

ఆయనే మళ్ళీ అన్నారు. "నీ పర్మినెంటు కాగితం నా బల్ల మీదే ఉంది. ఆ పెద్దమనిషి సంతోషంగా వెళితే సంతకం పెడతాను. ఫిర్యాదు చేసి వెళితే నేను కూడా ఏం చేయలేను."

చిత్తూరులో స్పానిష్ ఎవరికొస్తుంది? అదృష్టం ఏమిటంటే ఒకరికి వచ్చు. ఊరి బయట కన్యాస్త్రీలు నడిపే చిన్న ఆస్పత్రి ఉండేది. దాన్ని చూసుకునే ముసలావిడ స్పెయిన్ దేశస్థురాలు. జనం ఆమెను మదరమ్మ అనేవారు. పాతికేళ్ళ వయసులో వచ్చి ఇక్కడే జుట్టు నెరిసింది. తెలుగు మా అమ్మకంటే గట్టిగా మాట్లాడేది, అదీ అచ్చంగా మా వైపు తెలుగు. సైకిలు దిగి నేను విషయం చెప్పగానే ఆమె అద్దాలు పైకి తోసి నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఇరవై దినాల్లో భాష యాడొస్తుందబ్బా? నాకు తెలుగు రానీకి ఏడేండ్లు పట్టింది. ఇప్పుడు గూడా కోమటంగట్లో బేరం సేసేటప్పుడు తప్పులొస్తాయి" అంది.

"మొత్తం భాష వద్దు మదరమ్మా. ఆయన కొండకు నడిచిపోతాడు, చెట్టు చూస్తాడు, దిగొస్తాడు. అంతవరకు వస్తే చాలు" అన్నాను.

ఆ మాట వినగానే ఆమె మొహం మారిపోయింది. ఆమె పుట్టింది కొండల్లోని పల్లెలోనట. చిన్నప్పుడు ఆదివారం ప్రార్థన కాగానే తండ్రి చెయ్యి పట్టుకుని కొండెక్కేదట. ఇప్పుడు మోకాళ్ళు వాచి, వరండా మెట్లు దిగాలన్నా గోడ పట్టుకోవాలి. "కూసో. నడక మాటలు ఎంత కావాల్నంటే అంత నేర్పిస్తా" అంది.

మొదటి పాఠమే నాకు ఎక్కలేదు. 'వామోస్ అల్ మోంతె' అంటే కొండకు పోదాం రా అని. సరే, ఎందుకు పోదాం అని అడిగాను. మా వైపు కొండకు పోవడమంటే దాని ముందు ఒక పని ఉండాలి. కట్టెలకు పోతారు, మేకలు తోలుకుని పోతారు, తేనెకు పోతారు, మొక్కుబడి ఉంటే దేవుడి దగ్గరికి పోతారు.

"ఊరికే పోతాం" అంది మదరమ్మ.

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికేనప్పా. పోతాం, పైన కూసుంటాం, రొట్టె తింటాం, దిగొస్తాం."

"పైన ఏమీ తెచ్చుకోరా?"

"ఆకలి తెచ్చుకుంటాం" అని పెద్దగా నవ్వింది. పని లేకుండా కొండెక్కడానికి ఒక మాట పెట్టుకున్న జాతి కూడా ఉందా అని ఆ రాత్రంతా నాకు ఆశ్చర్యమే.

ఆస్పత్రి పెరట్లో ప్రహరీ కట్టడానికి తోలించిన రాళ్ళగుట్ట ఉండేది. మిద్దె పైకి మెట్లుండేవి. అవే నా బడి. మదరమ్మ కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను గుట్ట ఎక్కుతూ 'సుబిర్' అని అరవాలి, దిగుతూ 'బాహార్' అనాలి. రాయి మీద చెయ్యేసి 'పియెద్రా', వేపచెట్టు కిందికి పరుగెత్తి 'సొంబ్రా', అంటే నీడ. కాలు జారబోతే 'కుయిదాదో', జాగ్రత్త. అలసిపోతే 'కాన్సాదో'. నీళ్ళకు 'అగువా'. మెల్లగా పోవడానికి 'దెస్పాసియో'. ఈ మాటలన్నీ ఒక నోటుబుక్కులో ఇటు ఇంగ్లీషు అక్షరాల్లో, అటు తెలుగులో రాసుకున్నాను. మందు కోసం వచ్చి కూర్చున్న రోగులకు ఇది మంచి వేడుక అయింది. నాలుగో రోజుకు వాళ్ళకు కూడా వచ్చేసింది. దగ్గుమందుకు వచ్చే అవ్వ ఒకామె నేను రాళ్ళ మీద తూలినప్పుడల్లా "కుయిదాదో నాయనా, కుయిదాదో" అని కేకేసేది. ఆమె ఉచ్చారణ నాకంటే బాగుందని మదరమ్మ తేల్చేసింది.

చివర్లో అంకెలు, గంటలు, ఆ వెంటే దూరం పాఠం. నడిచేవాడు 'ఫాల్తా ముచో?' అని అడుగుతాడు, ఇంకా చాలా దూరమా అని. దగ్గరైతే 'ఫాల్తా పోకో', కొంచెమే ఉంది, అనాలి. దూరమైతే 'ఫాల్తా ముచో', చాలా ఉంది, అనాలి. నేను దాన్ని వల్లిస్తూ ఎన్నిసార్లు అడిగినా 'ఫాల్తా పోకో' అనే చెబుతున్నానని ఆమె కనిపెట్టింది. చేతికర్రతో నేలను కొట్టింది.

"ఇదే మీ రోగం. పల్లెల్లో పురుడు పొయ్యనీకి పిలిస్తే పోతా. ఇంగెంత దూరమప్పా అంటే కూతవేటు అంటారు. కూతవేటు అని మూడు మైళ్ళు నడిపిస్తారు. ముప్పై ఏండ్ల నుంచి సూస్తాండా, ఒక్కరన్నా నిజం సెప్పిన పాపాన పోలేదు. మా నాయనకు మంచులో ఒక గొర్రెలాయన అట్లనే సెప్పినాడు, దగ్గరే పో అని. రెండు కాలివేళ్ళు పోయినాయి మా నాయనకు. కొండలో మనిషి దూరం అడిగితే అబద్ధం సెప్పొద్దు. నాకు మాటియ్యి."

మాటిచ్చాను. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే ఇచ్చాను.

ప్రొఫెసరు వచ్చిన రోజు మామండూరు ఫారెస్టు బంగళాలో దిగాడు. అరవై దాటిన మనిషి, తెల్లటి గుబురు మీసం, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు, మొక్కలు పెట్టుకునే రేకుపెట్టె భుజాన. కొండెక్కడానికి ఆయనకు ఒకే ఒక్క రోజు ఉంది. మర్నాడు రేణిగుంటలో బండెక్కి మద్రాసు పోవాలి, అక్కడ ఓడ సిద్ధంగా ఉంది. తెల్లవారుతూనే ఆయన ఎదుట నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి "వామోస్ అల్ మోంతె" అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, నన్ను రెండు చేతులా కావలించుకుని, ఆ భాష అంతా ఒక్కసారిగా నా మీద కుమ్మరించాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నవ్వుతూ తల ఊపాను. నా ఇరవై రోజుల చదువు మొదటి నిమిషంలోనే అయిపోయిందని నాకర్థమైంది.

దారి చూపడానికి మా వెంట ఒక పెద్దాయన వచ్చాడు. పుట్టింది మొదలు ఆ కొండల్లో తేనె తీసి బతికినవాడు. చెప్పులు లేకుండా ముళ్ళలో మేకలాగా పోయేవాడు. ముందు ఆయన, నడుమ ప్రొఫెసరు, వెనక నేను.

మొదటి గంట హాయిగా సాగింది. ఆయన ఆగి ఏ ఆకునో చూసేటప్పుడు నాకు మాట్లాడాలనిపించేది. అతిథి ఎదురుగా నోరు మూసుకుని నిలబడితే బాగుండదు కదా. నా దగ్గరున్న పది మాటల్లో మర్యాదకు పనికొచ్చేది ఒకటే. "అగువా?" అనేవాణ్ణి. ఆయనా మర్యాదస్థుడు. వద్దంటే నేను నొచ్చుకుంటానని కాబోలు, సీసా తీసి తాగేవాడు. మళ్ళీ ఆగేవాడు, నేను మళ్ళీ "అగువా?" అనేవాణ్ణి. ఎండ ముదిరేసరికి రెండు సీసాల్లో ఒకటి ఖాళీ.

అప్పుడు ఆయన మొదటిసారి అడిగాడు. "ఫాల్తా ముచో?"

నేను ముందుకు పోయి, "ఇంకెంత దూరం తాతా?" అన్నాను.

"ఇంగెంతప్పా, కూతవేటు" అన్నాడు పెద్దాయన వెనక్కి తిరక్కుండా.

మదరమ్మకిచ్చిన మాట గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కానీ మా వైపు పుట్టినవాడి నోటికి ఇంకో జవాబు రాదు. చెమటలు కక్కుతూ ఎక్కేవాడి మొహం మీద ఇంకా చాలా ఉంది అని ఎలా చెప్తాం? కొండ మీదినుంచి దిగివచ్చే ముక్కూమొహం తెలియని వాళ్ళు కూడా ఎక్కేవాళ్ళకు "అయిపోయింది, ఇంకో రెండు మలుపులే" అని చెప్పి పోతారు. అది మాకు దాహానికి నీళ్ళివ్వడం లాంటిది. "ఫాల్తా పోకో" అన్నాను. ఆయన మొహం వికసించింది. నాకు కూడా భలే సంతోషమేసింది.

ఒక మలుపు తిరిగాక మళ్ళీ అడిగాడు. కూతవేటు. ఫాల్తా పోకో. బండలెక్కి వాగుపాయ దాటాక మళ్ళీ. కూతవేటు. ఫాల్తా పోకో. నాలుగోసారికి ఆయన జేబులోంచి గడియారం తీసి చూసుకున్నాడు. ఆరోసారి నేను మరీ గట్టిగా, మరీ నమ్మకంగా చెప్పాను. దగ్గరికొచ్చేశాం కదా అని ఆయన రెండో సీసాలో సగం నీళ్ళు తల మీద పోసుకుని, మిగిలింది గటగటా తాగేశాడు. నేను చూస్తూ ఉండిపోయాను. వద్దు అనడానికి స్పానిష్‌లో మాట లేక కాదు, వద్దంటే ఎందుకో చెప్పాలి.

ఏడోసారి కూడా ఫాల్తా పోకో అన్నాక ఆయన ఒక బండ నీడ చూసుకుని "సొంబ్రా" అని కూలబడ్డాడు. మొహం ఎర్రగా కందిపోయింది. గడియారం నా ముందు పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ లెక్కపెట్టాడు. ఏడు వేళ్ళు. తర్వాత ఏదో చాలాసేపు, మెల్లగా అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. ఆ తర్వాత వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

కొండలో మనిషి బూట్లు విప్పాడంటే ఆ రోజు ముగిసినట్టే. నా కళ్ళ ముందు ఆఫీసరు బల్ల, దాని మీద నా కాగితం కనపడ్డాయి. పరుగున పెద్దాయన దగ్గరికి పోయాను.

"తాతా, నీకు దండం పెడతా. నిజం చెప్పు. ఎంత దూరం?"

"నిజంగానా?"

"నిజంగానే."

"ఆ నల్లబండ అవతల సూడు. ఆడనే ఉండాది."

"అంటే?"

"అంటే ఇప్పుడు నిజంగానే కూతవేటు గార్డయ్యా." నేను నమ్మలేదని ఆయనకు కోపం కూడా వచ్చింది.

గబగబా వచ్చి ప్రొఫెసరుతో "ఫాల్తా పోకో" అన్నాను, గుండె మీద చెయ్యేసుకుని మరీ. ఆయన నవ్వాడు. రెండో బూటు తాడు లాగాడు. బండ వైపు చూపించాను, ఎగిరి చూపించాను, చేతులు పట్టుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి కళ్ళు మూసుకున్నాడు. సముద్రాలు దాటి వచ్చిన మనిషి, అరవై ఏళ్ళు దాటిన మనిషి, తను వెతికే చెట్టుకు ఒక బండ ఇవతల కూర్చుని ఉన్నాడు. జీవితంలో అంత సిగ్గుపడ్డ క్షణం నాకు ఇంకోటి లేదు. ఏడుపొచ్చింది. ఇరవై మూడేళ్ళ వాణ్ణి, యూనిఫారంలో ఉన్నాను కాబట్టి ఆపుకున్నాను.

అప్పుడు నాకేం తోచిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆయన ముందు గొంతుక్కూర్చుని, తల వంచుకుని, "ఫాల్తా ముచో" అన్నాను. చాలా దూరం ఉంది. రెండు వేళ్ళు చూపించి "దోస్ ఓరాస్" అన్నాను. రెండు గంటలు.

ఆయన కళ్ళు తెరిచాడు. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నా మొహం నిజం చెప్పినవాడి మొహంలా ఉండి ఉంటుంది, ఎందుకంటే అది ఏడుపు ఆపుకుంటున్న మొహం. ఆయన పెద్దగా నిట్టూర్చి, నా భుజం తట్టి, బూట్లు మళ్ళీ బిగించాడు. రెండు గంటలు నడవాలని తెలిస్తే ఆ మనిషి రెండు గంటలూ నడవగలడు. ఎంత నడవాలో తెలియకపోవడమే ఆయన కాళ్ళు విరగ్గొట్టింది. లేచి నిలబడి "వామోస్" అన్నాడు.

నల్లబండ దాటాం. అవతల వాలు నిండా పేరిత చెట్లు. ఒకటి కాదు, రెండు కాదు, చూసినంత మేర పచ్చగా విచ్చుకుని నిలబడ్డాయి. మగచెట్ల నెత్తిన బంగారు రంగు కంకులు. ప్రొఫెసరు టోపీ తీసేసి మోకాళ్ళ మీద కూలబడిపోయాడు. ఒక కంకిని రెండు చేతుల మధ్య పట్టుకుని, దానితో ఏదో మాట్లాడాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి పెద్దాయన కూడా తలపాగా తీసేశాడు. నాకు మటుకు గుండెల మీదినుంచి రోలు దింపినట్టయింది.

కాసేపటికి ప్రొఫెసరు గడియారం తీశాడు. ఏడు నిమిషాలు. నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపు కోపమో నవ్వో ఆ గుబురు మీసం వెనక నాకు తెలియలేదు.

నీళ్ళ సంగతి చెప్పాలి. పెద్దాయన అక్కడికి పదడుగుల దూరంలో రాతి సందులో చెలమ చూపించాడు. ఇంత దగ్గర్లో నీళ్ళుంటే ముందే చెప్పొద్దా అంటే, "నన్ను ఎవురడిగినారు? మీరు దూరమే అడిగితిరి గదా" అన్నాడు. దిగేటప్పుడు ప్రొఫెసరు నన్ను ఒక్కసారి కూడా దూరం అడగలేదు. వెనకబడి పెద్దాయన మీద విసుక్కున్నాను, ఎందుకట్లా చెప్పావని.

"నిజం సెప్పింటే ఆయప్ప తెల్లారే ఎనక్కి తిరిగింటాడు. సెట్టు సూసింటాడా?" అన్నాడు ఆయన.

మర్నాడు రేణిగుంట స్టేషన్లో బండి కదిలే ముందు ప్రొఫెసరు మా ఆఫీసరుకు ఒక కవరు ఇచ్చాడు. నాకు చేయి ఊపాడు. బండి వెళ్ళింది. చిత్తూరు వచ్చాక ఆఫీసరు కవరు చించి, రెండు పేజీల ఉత్తరం అటూ ఇటూ తిప్పి, బల్ల మీదినుంచి నా వైపు తోశారు.

"చదువు. నీకు భాష వచ్చు కదా."

చదివాను. అంటే చూశాను. 'మోంతె' కనపడింది, 'అగువా' కనపడింది, 'పియెద్రా' కనపడింది. ఆ తర్వాత 'ఫాల్తా పోకో' కనపడింది. ఒకచోట కాదు, మూడుచోట్ల, కింద గీత గీసి మరీ. ఆయన చాలా మెచ్చుకున్నారు సార్ అంటే అయిపోయేది, కాదనేవాడు ఆ ఆఫీసులో లేడు. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ముందు రోజు చెప్పిన అబద్ధాలే ఇంకా గొంతులో అడ్డం పడి ఉన్నాయి.

"సార్, నాకు నడిచేటప్పుడు మాట్లాడే మాటలే తెలుసు. ఇందులో నడక అయిపోయాక సంగతులున్నట్టున్నాయి" అన్నాను. "దూరం గురించి నేను ఆయనకు సరిగ్గా చెప్పలేదు. అది రాశారనుకుంటా."

ఆఫీసరు మీసం కొరుక్కున్నారు. "పద, ఆ మదరమ్మ దగ్గరికే పోదాం" అని జీపు తీయించారు.

మదరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉత్తరం చదివింది. రెండు పేజీలు చదవడానికి అంతసేపు పట్టదు. చదివి, అద్దాలు తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచి చదివింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, తడుముకోకుండా తెలుగులో చెప్పుకుపోయింది.

"ఈ పిల్లోడు సానా ఓపికగా కొండెక్కించినాడంట. దావలో దప్పిక గాకుండా సూసుకున్నాడంట. ఆయప్ప అలిసిపోయి మధ్యలో కూసుంటే, ధైర్యం సెప్పి లేపినాడంట. ఈ పిల్లోడు లేకపోతే నేను సెట్టు సూసేవాణ్ణి కాదు, మీ ఆఫీసుకు దండాలు అని రాసినాడు."

ఆఫీసరు తేలిగ్గా నవ్వారు. నన్ను చూసి, "మరి ఎందుకయ్యా అంత భయపడ్డావు?" అన్నారు. ఆ సాయంత్రమే కాగితం మీద సంతకం పడింది. నేను సైకిలెక్కి రాత్రికి రాత్రే పలమనేరు పోవాలనుకున్నాను గానీ, చక్రంలో గాలి లేక మర్నాడు బస్సుకు పోయాను. మా నాయన విని, కొట్టానికి పోయి ఎద్దుకు గడ్డి వేసి వచ్చాడు. అంటే చాలా సంతోషించాడని అర్థం.

రెండేళ్ళు గడిచాయి. ఆఫీసులో పాత ఫైళ్ళు కట్టలు కట్టే పని నాకు పడింది. అందులో ఆ ఉత్తరం దొరికింది. ఒక మెప్పు కాగితం సొంతానికి రాసి పెట్టుకుంటే తప్పేముందని నకలు తీసుకున్నాను. మద్రాసు పోయినప్పుడు పాత పుస్తకాల అంగట్లో స్పానిష్ నిఘంటువు ఒకటి కనపడితే కొన్నాను. తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో మాట వెతుక్కుంటూ, ఆయన నన్ను ఎంత బాగా మెచ్చుకున్నాడో చదువుకుందామని కూర్చున్నాను.

మొదటి పేజీ అయ్యేసరికి నా చెవులు వేడెక్కాయి. అందులో ఉన్నది ఇది. ఈ యువకుడు మంచివాడే, కానీ దూరం విషయంలో ఏడుసార్లు అబద్ధం చెప్పాడు. అతని మాట నమ్మి నా నీళ్ళన్నీ ఖర్చు చేసుకున్నాను. ఎనిమిదోసారి నిజం చెప్పాడు, అప్పటికి నేను నమ్మే స్థితిలో లేను. తొమ్మిదోసారి మళ్ళీ అబద్ధమే, ఈసారి తిరగేసి. మా కొండల్లో ఇలాంటివాడు ఒక గుంపునే చంపగలడు. ఇతణ్ణి ఏ మనిషికీ దారి చూపే పనిలో ఉంచవద్దని మనవి. ధైర్యం చెప్పడం, దండాలు, అవేవీ రెండు పేజీల్లో ఎక్కడా లేవు.

మర్నాడు ఆస్పత్రికి పోయాను. మదరమ్మ ఎండలో కూర్చుని, గాయాలకు కట్టే గాజుగుడ్డలు మడుస్తోంది. ఆ రెండేళ్ళలో ఇంకా చిక్కిపోయింది. నకలు ఆమె ముందు పెట్టాను. చూడగానే అర్థమైంది ఆమెకు.

"పుస్తకం కొన్నావా?" అంది. "మంచి పని సేసినావు. భాష వదిలిపెట్టగూడదు."

"మదరమ్మా, దూరం అబద్ధం చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకున్నారు. మీరే..." అన్నాను.

ఆమె ఇంకో గాజుగుడ్డ తీసుకుని మడిచింది. "ఆయప్ప రాసిందంతా నిజమే. సదవతా ఉంటే నాకు నీ మీద కోపం వచ్చింది. మా నాయన కాళ్ళు గుర్తుకొచ్చినాయి. అంతా సెప్పేద్దామనే నోరు తెరిచినా." మడిచిన గుడ్డను మూట మీద పెట్టింది. "నువ్వు ఆడ నిలబడి ఉండావు. ఆయప్ప ఓడెక్కి ఇంటికి పోయినాడు. నువ్వు యాడికి పోతావబ్బా?"

నేను నకలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆ పాపం ఆ ఆదివారమే ఫాదరు కాడ ఒప్పుకున్నా. మూడు దినాలు వంటింట్లో బియ్యంలో రాళ్ళు ఏరమని శిక్ష ఏసినాడు. ఈ కండ్లతో ఏరినా. అంతటితో తీరిపోయింది, మళ్లా తవ్వొద్దు." ఆమె గాజుగుడ్డల మూట నా చేతిలో పెట్టి లోపలికి చూపించింది. "అది ఆ గదిలో పెట్టి, పోయి నీ పని సూసుకో."

మూట గదిలో పెట్టి, సైకిలెక్కి నా పని చూసుకోవడానికి పోయాను. ముప్పై ఒక్క ఏళ్ళు చూసుకున్నాను.